పది లీటర్ల పౌరుషం

మన ఇళ్లలో లీటర్ల లెక్కన వచ్చేవి పాలు, పెట్రోలు, మహా అయితే ఫ్రిజ్జు. ఈమధ్య ఆ వరసలో గేమింగ్ కంప్యూటర్ కూడా చేరింది. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని అడిగితే పాతకాలపు మనిషివని జాలిగా చూస్తారు. "నాది ఏడు లీటర్ల బిల్డ్" అని ఒకడు మీసం తిప్పితే, "నాది పది, కానీ మూడు స్లాట్ల కార్డు పడుతుంది" అని ఇంకొకడు తొడ కొడతాడు. ఇరవై లీటర్లు దాటిన క్యాబినెట్ ఉన్నవాడికి ఆ పంక్తిలో విస్తరే వెయ్యరు. పెట్టె ఎంత పొట్టిదైతే పౌరుషం అంత పొడుగు.

ముందే చెప్పేస్తాను, చిన్న పెట్టె మీద నాకు పగ లేదు. బల్ల మూల ఒదిగి కూర్చునే వస్తువంటే ఎవరికి ముద్దు కాదు? నా తగువంతా దాని చుట్టూ అల్లిన కథతో. పెట్టె చిన్నదైతే చోటు మిగులుతుంది, చోటు మిగిలితే సుఖం అనే కథ. చోటు ఊరికే మిగలదు. మిగిల్చిన ప్రతి లీటరుకూ వేరే పద్దులో వసూలు జరుగుతుంది. కొంత డబ్బులో, కొంత చప్పుడులో, కొంత వేడిలో, చాలావరకు మనిషి ఓపికలో. ఆ పద్దులు అమ్మేవాడు చూపించడు, కొన్నవాడు ఒప్పుకోడు.

ఈ పొట్టి వంశానికి మూలపురుషుడు మినీ ఐటీఎక్స్ అనే మదర్‌బోర్డు. 2001లో తైవాన్ కంపెనీ వయా దాన్ని తెచ్చింది. సరిగ్గా పదిహేడు సెంటీమీటర్ల చదరం. అంతకు ఆరేళ్ల ముందు ఇంటెల్ పెట్టిన ఏటీఎక్స్ కొలత ముప్పై సెంటీమీటర్లకు పైన పొడవు, ఇరవై నాలుగు పైన వెడల్పు. వయా వారి ఉద్దేశం ఆటలు కాదు. తక్కువ కరెంటు తాగే సొంత చిప్పు పెట్టి, కొన్నిటికి అసలు ఫ్యానే లేకుండా, టీవీ పక్కనో దుకాణం కౌంటర్ కిందో చడీచప్పుడు లేకుండా పడుండే యంత్రాలు చెయ్యడం. అలా పథ్యం తిండికి పుట్టిన బోర్డు నెత్తిన ఇవాళ 575 వాట్ల గ్రాఫిక్స్ కార్డు ఎక్కిస్తున్నారు.

ఆ అంకె ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూడండి. 2016 మే నెలలో ఎన్విడియా తెచ్చిన జీటీఎక్స్ 1080 అప్పటికి ఎదురులేని కార్డు. దాని ఆకలి 180 వాట్లు. 2022 అక్టోబరులో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090కి 450. 2025 జనవరిలో దుకాణాల్లోకి దిగిన 5090కి 575. తొమ్మిదేళ్లలో మూడింతలు దాటింది. మరి పెట్టెలు ఎటు నడిచాయి? డాన్ ఏ4 అనే క్యాబినెట్ 2016లో కిక్‌స్టార్టర్‌లో జనం ముందుగా కట్టిన డబ్బుతో తయారీకి వెళ్లింది. ఏడు లీటర్ల పైచిలుకు. అందులో 295 మిల్లీమీటర్ల పొడవు, రెండు స్లాట్ల మందం వరకు కార్డు పడుతుంది. 180 వాట్ల కాలానికి అది నిజంగానే తెలివైన పని. అంత పొందికగా మడిచిన రేకు డబ్బాను చూసి ముచ్చటపడనివాడు ఈ రంగంలో లేడు. ఆ తర్వాత కార్డు బకాసురుడి దారి పట్టింది. 4090లో ఎన్విడియా సొంతంగా చేసిన మోడలే 304 మిల్లీమీటర్లు, మూడు స్లాట్ల మందం. మిగతా కంపెనీలవి చాలావరకు అంతకంటే పొడుగు. పెట్టె మాత్రం ఏటేటా చిక్కిపోవాలని అభిమానుల పట్టు. ఒకటి లావెక్కుతూ ఇంకొకటి సన్నబడితే మధ్యలో నలిగేది గాలి.

గాలి సంగతి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది కాబట్టి. కంప్యూటర్ తాగిన ప్రతి వాటూ చివరికి వేడే అవుతుంది. 500 వాట్లు తాగే యంత్రం ఏడు లీటర్లదైనా అరవై లీటర్లదైనా గదిలోకి వదిలేది 500 వాట్ల వేడే. వాట్లకు లీటర్లతో పనిలేదు. ఆ వేడిని చిప్పు మీది నుంచి ఎత్తి బయట పారబొయ్యడానికి గాలి కావాలి. ఫ్యాను తోసే గాలి దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాను తీసేసి 92ది బిగిస్తే, అంతే గాలి కోసం అది రెట్టింపుకు పైగా వేగంతో తిరగాలి. వేగం పెరిగితే చప్పుడు అంతకంటే జోరుగా పెరుగుతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాంగా అంటారు కుర్రాళ్లు. మీరు పెట్టుకుంటారు సరే, గోడ అవతల తెల్లవారుజామున లేచి డ్యూటీకి వెళ్లాల్సిన నాన్న కూడా పెట్టుకోవాలా?

ఇక విదేశీ రివ్యూల దగ్గరికి వద్దాం. అక్కడి ల్యాబుల్లో గదిని ఇరవై ఒకటి నుంచి ఇరవై ఐదు డిగ్రీల మధ్య కట్టిపెట్టి కొలుస్తారు. తప్పు లేదు, కొలతకి ఏదో ఒక గీత ఉండాలి. ఆట మధ్యలో ప్రాసెసర్ 82 డిగ్రీల దగ్గర నిలిచిందనుకోండి, చార్టు వేసి భేష్ అంటారు. అదే పెట్టెను మే నెలలో విజయవాడ తీసుకొచ్చి, పై అంతస్తులో ఏసీ లేని గదిలో సాయంత్రం నాలుగింటికి ఆన్ చెయ్యండి. గది ముప్పై ఎనిమిది ఉందనుకుందాం, మన మీద దయతలచి. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 82కి పదిహేను కలపండి. ఏఎండీ రైజెన్ 7000 వరసలో చాలా ప్రాసెసర్లు 95 దగ్గర తమ కళ్లెం తామే లాక్కుంటాయి. అంటే ఎండాకాలమంతా మీరు కొన్న వేగం లండన్‌లో ఉంటుంది, మీరు గుడివాడలో ఉంటారు.

ఏసీ వేసుకుంటాం అంటారా? ఒక టన్ను ఏసీ తోడగలిగేది సుమారు మూడున్నర కిలోవాట్ల వేడి. అందులో ఏడో వంతు ఈ పెట్టెకే పోతుంది. ముందు కరెంటు పెట్టి వేడి పుట్టించడం, తర్వాత ఇంకాస్త కరెంటు పెట్టి ఆ వేడిని తోడెయ్యడం. బిల్లు పై స్లాబులోకి ఎక్కాక ఇంటి పెద్ద పుట్టించే వేడికి ఏ టన్నూ చాలదు. ఈ పాపంలో పెద్ద క్యాబినెట్‌కూ సమాన వాటా ఉందని ఒప్పుకోవాలి. కాకపోతే అది ఆ వేడిని మెల్లగా, సద్దు లేకుండా వదులుతుంది.

డబ్బు పద్దు సంగతి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో తెలుస్తుంది. అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, జనం నోట సీటీసీ. జంట నగరాల్లో కంప్యూటర్ అసెంబుల్ చేయించినవాళ్లలో ఆ మెట్లు ఎక్కనివాళ్లు అరుదు. మా మేనల్లుడితో నేనూ ఎక్కాను. వాడు కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి అడిగాడు.

"అన్నా, మినీ ఐటీఎక్స్ బోర్డుందా?"

"గంత చిన్నది దేనికి తమ్మీ? మైక్రో ఏటీఎక్స్ తీస్కో. చానా తక్కువల ఒస్తది."

"చిన్నదే కావాలన్నా."

"ఇంట్ల జాగ లేదా?"

మావాడు నావైపు చూశాడు. కొంపల్లిలో మూడు పడగ్గదుల ఫ్లాటు. అందులో ఒక గది ట్రెడ్‌మిల్‌కి, ఆ ట్రెడ్‌మిల్ ఆరేసిన బట్టలకి రాసిచ్చేశారు.

"జాగా ఉందన్నా. లుక్ కోసం."

"లుక్కుకైతే ఆర్డర్ పెట్టాలె. అడ్వాన్స్ కట్టి పో, ఒచ్చినంక ఫోన్ జేస్త." ఆ పెద్దమనిషి మొహంలో వెటకారం లేదు, అనుభవం ఉంది.

బయటికొచ్చాక మావాడు అన్నాడు, "మామయ్యా, వాళ్లకి ఈ కల్చర్ తెలీదు." కల్చర్ ఖరీదు ఎంతో ఇంటికొచ్చి నేను లెక్క కట్టాను. ఒకే చిప్‌సెట్ ఉన్న బోర్డు చిన్నదైతే ధర పెద్దది. కరెంటు అందించే మామూలు ఎస్‌ఎంపీఎస్ డబ్బా పట్టదు, ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న రకం కొనాలి. 125 మిల్లీమీటర్ల వెడల్పు, 100 లోతు, 63.5 ఎత్తు. అదే వాట్లకు దాని రేటు వేరు. గట్టి అల్యూమినియం రేకుతో వచ్చే పది లీటర్ల క్యాబినెట్ ఒక్కదాని డబ్బుతో మామూలు క్యాబినెట్లు రెండు మూడు కొనొచ్చు. పొట్టి కూలర్, కార్డును బోర్డు వెనక్కి తిప్పడానికి రైజర్ కేబుల్ అదనం. అన్నీ కలిపితే పొట్టిదనానికి మాత్రమే పెట్టే ఖర్చు నా అంచనాలో సులువుగా ఇరవై వేలు దాటింది.

దీనికి దక్కేదేమిటి? పెద్ద టవర్ నేల మీద ఆక్రమించేది సుమారు ఒక చదరపు అడుగు. అదీ బల్ల కింద, చీపురు తప్ప మనిషి పోని చోట. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటి పలికితే రాష్ట్రమంతా నోరెళ్లబెట్టింది. ఆ లెక్కన చదరపు అడుగు ఇరవై మూడు వేలు. మన కుర్రాడు తన పడగ్గదిలో, తండ్రి ఈఎంఐ కడుతున్న ఫ్లాటులో, చదరపు అడుగు కోకాపేట రేటుకి మళ్లీ కొంటున్నాడు. పట్టా కూడా ఇవ్వరు. మిగిల్చిన ఆ చోటు పక్కనే ఎనభై సెంటీమీటర్ల వెడల్పు మానిటర్, రెండు స్పీకర్లు, స్టీరింగు చక్రం, పైలట్లు కూర్చునేలాంటి కుర్చీ. వాటి లీటర్లు ఎవడూ అడగడు.

ఇంకో చిన్న సంగతి, చిన్నగా కనిపిస్తుంది గానీ కాదు. మినీ ఐటీఎక్స్ బోర్డుకి ర్యామ్ స్లాట్లు రెండే, కార్డు స్లాట్ ఒకటే. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఊడ్చుకుపోవడంతో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. మైక్రాన్ కంపెనీ ఆ డిసెంబరులో తన క్రూషియల్ బ్రాండును మామూలు కొనుగోలుదారులకు అమ్మడమే మానేస్తున్నానని ప్రకటించింది. ఇలాంటి రోజుల్లో నాలుగు స్లాట్లున్నవాడు పాత రెండిటి పక్కన ఇంకో రెండు గుచ్చుకుంటాడు. రెండే ఉన్నవాడు పాతవి పీకి అవతల పెట్టి, జత మొత్తం కొత్తది కొనాలి. నాలుగూ నింపితే డీడీఆర్5 వేగం తగ్గుతుందని పండితులు ముక్కు విరుస్తారు. తగ్గనివ్వండి.

బిగించడం అసలు ఘట్టం. అమెరికా వెళ్లే పిల్లకి తల్లి ఇరవై మూడు కిలోల సూట్‌కేసు సర్దడం చూశారా? ఆవకాయ జాడీ పక్కకి జరిపితే కుక్కర్ పట్టదు, కుక్కర్ తిప్పితే పొడుల పొట్లాలు నలుగుతాయి. ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ అన్నిటికీ అంచులు పదును. కూలర్ ఎత్తు 48 మిల్లీమీటర్లు మించకూడదని క్యాబినెట్ చెబుతుంది. ర్యామ్ మీది అలంకారపు రెక్కలు కూలర్‌కి అడ్డం. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఇరవై నాలుగు పిన్నుల కేబుల్ మొండిది, వంగనంటుంది. దాన్ని బొటనవేలితో తోస్తూ రెండో చేత్తో పక్క రేకు జారవిడిస్తే, వేలి దగ్గర సన్నటి ఎర్రగీత పడుతుంది. బోర్డు అంచున బియ్యపు గింజంత పిన్నులు ఉంటాయి, పవర్ బటన్ తీగ వాటికే తగలాలి. ఎస్‌ఎంపీఎస్ కూర్చోబెట్టాక అక్కడికి చెయ్యి పోదు. అన్నీ బిగించి, మరలు తిప్పి, గర్వంగా బటన్ నొక్కితే చడీచప్పుడు ఉండదు. ఆ తీగ మరిచిపోయారు. మొదటి నుంచి విప్పండి.

సరే, పెట్టారు, లైటు వెలిగింది, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. రైజర్ కేబుల్ పాత మూడో తరంది, బోర్డూ కార్డూ నాలుగో తరం వేగంతో మాట్లాడుకోబోయి మూగబోయాయి. బయోస్ అనే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి వేగాన్ని మూడో తరానికి దించాలి. బయోస్ చూడాలంటే మానిటర్ వెలగాలి. మానిటర్ వెలగాలంటే బయోస్‌లోకి వెళ్లాలి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్నవాడు కేబుల్ బోర్డుకి మార్చి గట్టెక్కుతాడు, లేనివాడు మళ్లీ స్క్రూడ్రైవర్ వెతుక్కుంటాడు.

రైజర్ పేరెత్తితే ఒక చరిత్ర గుర్తు చెయ్యక తప్పదు. ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ కంపెనీ 2020లో హెచ్1 అనే నిలువు పెట్టె అమ్మింది. ఎస్‌ఎంపీఎస్, కూలర్, రైజర్ అన్నీ ముందే బిగించి ఇచ్చే సుకుమారం. ఆ రైజర్ బోర్డును క్యాబినెట్‌కి పట్టి ఉంచే మరలు కరెంటు పారే గీతకి తగిలి షార్ట్ అయి మంట పుట్టే ప్రమాదం ఉందని తేలింది. కంపెనీ మొదట చెప్పిన వైద్యం, ఇనుప మరలు తీసి ప్లాస్టిక్ మరలు వేసుకోమని. గీత అక్కడే, కన్నం అక్కడే, మర మాత్రం మారింది. విమర్శలు వచ్చాక రైజర్‌నే మార్చాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో సుమారు 32 వేల పెట్టెలు వెనక్కి పిలిచారు. అంగుళాల్లో జరిగే కాపురానికి మిల్లీమీటరు తప్పు కూడా బరువే. 4090 కొత్తల్లో పదహారు పిన్నుల కనెక్టర్లు కొన్ని కరిగిపోయినప్పుడు, పూర్తిగా దిగకుండా గుచ్చడమే ముఖ్య కారణమని ఎన్విడియా చెప్పింది. నిటారుగా గుచ్చడానికి చోటుండే పెద్ద క్యాబినెట్లలోనే అలా జరిగితే, పక్క రేకు వీపు మీద చెయ్యి వేసి కేబుల్‌ని వంచే చోట ఇంకెంత జాగ్రత్త కావాలి?

పెట్టెను ముందు గీసి, వేడి సంగతి తర్వాత చూద్దాం అనుకున్నవాళ్లలో మహామహులున్నారు. ఆపిల్ 2000 జులైలో పవర్ మ్యాక్ జీ4 క్యూబ్ తెచ్చింది. ఎనిమిది అంగుళాల ఘనం, ఫ్యాను లేదు, వేడి దానంతటదే పైకి పోతుంది. అందం చూసి లోకం మూర్ఛపోయింది గానీ జేబులోంచి డబ్బు తియ్యలేదు. ఏడాది తిరిగేసరికి తయారీ ఆపేశారు. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం సంగ్రహంలో మాత్రం దానికి చోటు దొరికింది. పదమూడేళ్ల తర్వాత అదే కంపెనీ నల్లటి గొట్టం ఆకారంలో మ్యాక్ ప్రో చేసింది. నడిమధ్య ఒకే వేడి స్తంభం, చుట్టూ చిప్పులు. గ్రాఫిక్స్ చిప్పులు లావెక్కిన కొద్దీ ఆ గొట్టంలో వాటికి చోటు కుదరలేదు. 2017లో ఆపిల్ పెద్దలే విలేకరుల్ని పిలిచి ఆ ఇరకాటం ఒప్పుకున్నారు. 2019లో మ్యాక్ ప్రో మళ్లీ వచ్చింది, గాలి పారే పెద్ద టవర్‌గా. ఇంత డబ్బు, ఇంత మేధ ఉన్న సంస్థ చేతులెత్తేసిన చోట, మన మేనల్లుళ్లు చిన్న స్క్రూడ్రైవర్‌తో దిగుతున్నారు.

వాళ్ల దగ్గర బ్రహ్మాస్త్రం ఒకటుంది, పేరు అండర్‌వోల్టింగ్, అంటే చిప్పుకిచ్చే వోల్టేజీ తగ్గించడం. దానికి తోడు పవర్ లిమిట్ తగ్గించడం. 450 వాట్ల కార్డు అప్పు చేసి కొంటారు, ఇంటికి తెచ్చి మూడొందల చిల్లరకి కట్టేస్తారు, వేగం ఏమంత తగ్గలేదని సంబరపడతారు. నవ్వాలనిపిస్తుంది గానీ వాళ్లు చెప్పేది నిజం. తగ్గేది పిసరంతే. అయితే నవ్వాల్సింది ఎవర్ని చూసి? చార్టులో తమ గీత పక్కవాడి గీత కంటే గోరంత పొడుగు కనబడ్డానికి చివరి వంద వాట్లు తగలేసే కార్డు కంపెనీలని చూసి. వాళ్లు ఆ కార్డును మొదటే మూడొందల వాట్లకి కట్టి అమ్మితే, కూలర్ ఇటుకంత ఉండక్కర్లేదు, పెట్టె గురించి ఇంత రామాయణమూ ఉండేది కాదు. ఆ పని వాళ్లు చెయ్యరు. చార్టులో రెండో స్థానం వస్తే వాటాదార్లు ఊరుకోరు.

పొట్టి పెట్టె సాధ్యం కాదని నేననడం లేదు. సవ్యంగా చేసినవాళ్లున్నారు. 2020 నవంబరులో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కొలతలు గుణిస్తే ఏడు లీటర్ల లోపే. నెత్తిన ఒకే ఒక్క పెద్ద ఫ్యాను, 130 మిల్లీమీటర్లు, తాపీగా తిరుగుతుంది. అది కుదిరింది ఎందుకు? బోర్డు, చిప్పు, కూలర్, ఎస్‌ఎంపీఎస్ ఒకే బల్ల దగ్గర కూర్చున్న మనుషులు గీశారు కాబట్టి. మన పెట్టెలో ఒక్కో భాగం ఒక్కో కంపెనీది, ఆ ఇంజినీర్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. 2025 నవంబరులో వాల్వ్ కంపెనీ ప్రకటించిన స్టీమ్ మెషీన్ ఇంకా ముందుకి పోయింది. దాదాపు ఆరంగుళాల ఘనం, నాలుగు లీటర్లు కూడా లేదు. వాళ్లు చేసిన మాయ ఏమీ లేదు, గ్రాఫిక్స్‌కి 110 వాట్లు, ప్రాసెసర్‌కి 30 అని ముందే గీత గీసి, ఆ గీత చుట్టూ పెట్టె కట్టారు. వాట్లు తగ్గించుకుంటే లీటర్లు వాటంతటవే తగ్గాయి. దాని మూల్యమూ ఉంది. రేపు కొత్త గ్రాఫిక్స్ కావాలంటే విప్పి మార్చేది కాదు, మొత్తం పెట్టే మార్చాలి. అది ముందే తెలిసి కొనేవాడితో నాకు తగువు లేదు. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డు పెట్టుకుని చిన్న పెట్టె కట్టుకున్నవాడితోనూ లేదు. వాడు నిజంగా తూకం వేసినవాడు. కానీ వాడి బిల్డ్‌కి ఎవడూ చప్పట్లు కొట్టడు.

నిజంగా అవసరమున్నవాళ్లూ ఉన్నారు. మాదాపూర్ పీజీలో ముగ్గురున్న గదిలో ఒక మంచం, సగం బల్ల వాటాకొచ్చిన కుర్రాడు. వరంగల్ నిట్ హాస్టల్లో సెలవులకి పెట్టె బేడా సర్దుకోవాల్సిన విద్యార్థి. డాలస్‌లో ఆరునెలలకొకసారి ఇల్లు మారే మన పిల్ల. వాళ్లకి పది లీటర్ల పెట్టె వరమే. విమానం మాట వేరే. మన దేశీ విమానాల్లో చేతిసంచికి ఏడు కిలోలు, అందులో పెట్టె సరిపోయినా మానిటర్ ఎవరి ఒళ్లో? విదేశం నుంచి వస్తే ఒక ల్యాప్‌టాప్‌కి కస్టమ్స్ వాళ్లు ప్రత్యేకంగా సుంకం మినహాయించారు. డెస్క్‌టాప్ ఎంత బుజ్జిగా ఉన్నా ఆ వరం దానికి లేదు.

అయితే ల్యాప్‌టాప్ కొనుక్కుంటే పోలేదా అంటారు. పోతుంది, డబ్బు. ల్యాప్‌టాప్ మీద ఆర్‌టీఎక్స్ 4090 అని స్టిక్కర్ ఉంటుంది, లోపలున్నది డెస్క్‌టాప్ 4080లో వాడిన చిప్పు, అదీ 175 వాట్ల లోపు కట్టడిలో. పేరు అన్నది, ఒళ్లు తమ్ముడిది.

పెద్ద క్యాబినెట్ వాళ్లు ఇంతవరకు చదివి చంకలు గుద్దుకుంటూ ఉంటారు. ఆగండి. మూడు వైపులా అద్దాలు, పది ఫ్యాన్లు, పదకొండు రంగుల లైట్లు పెట్టి, పెళ్లిమండపంలా వెలిగించి, లోపల మూడొంతులు ఖాళీ గాలిని ఊరేగించే మీరేమీ తక్కువ తినలేదు. అద్దం వెనక ఫ్యాను పెడితే గాలి ఎటు నుంచి వస్తుందని మీ అసెంబ్లర్‌నైనా అడిగారా? దుమ్ము మాత్రం దారి వెతుక్కుని వచ్చేస్తుంది. నన్ను అడిగితే, ముందు జాలీ ఉన్న పాతిక ముప్పై లీటర్ల మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్, రెండు పెద్ద ఫ్యాన్లు. దాన్ని ఫొటో తీసి ఎక్కడా పెట్టలేం. అదే దాని లోపం.

మావాడి బోర్డు వచ్చింది, బిల్డ్ అయింది, ఫొటోలు అదిరాయి. ఏప్రిల్‌లో వెళ్లి చూస్తే పక్క రేకు ఊడదీసి గోడకి ఆనించి ఉంది, ఇంట్లోని టేబుల్ ఫ్యాను దానివైపు తిరిగి ఉంది. "ఎన్ని లీటర్లురా ఇప్పుడు?" అన్నాను. "టేబుల్ ఫ్యాను లెక్కలోకి రాదు మామయ్యా" అన్నాడు.

తయారీదారులకు, రివ్యూలు చేసే పెద్దలకు నాదొక విన్నపం. వచ్చేసారి చార్టు వేసేముందు మా వైపు రండి. మే మూడో వారం, రామగుండం, మధ్యాహ్నం మూడు గంటలు. కిటికీ అవతల ఎన్‌టీపీసీ పొగగొట్టాలు, ఇవతల మీ ఏడు లీటర్ల పెట్టె. గది నేనే చూసిపెడతాను, సీలింగ్ ఫ్యాను ఐదులో పెట్టిస్తాను, అడిగితే మజ్జిగ కూడా ఇప్పిస్తాను. ఒక గంట ఆట ఆడి, అప్పుడొచ్చిన అంకె పెట్టె మీద అచ్చెయ్యండి. కరెంటు బిల్లు మాత్రం మీదే.